శంఖము, గవ్వ, ఆల్చిప్ప: గుల్లజీవుల వర్గీకరణము

జైన గ్రంథములలో జీవవిభాగమును చదివినవారికి శంఖము, గవ్వ అను పేర్లు క్రొత్తవి కావు. ఉత్తరాధ్యయన సూత్రపు కడపటి అధ్యాయమునందును, శాంతిసూరి రచించిన జీవవిచార ప్రకరణమునందును ఇవి జలగతోను, వానపాముతోను, ఇతర క్రిములతోను కలిపి ద్వీంద్రియ జీవులుగా చెప్పబడినవి. స్పర్శనము, రసనము అను రెండింద్రియములు మాత్రమే వీనికి కలవని తాత్పర్యము. చీమకు మూడు, తుమ్మెదకు నాలుగు, మనుష్యునకు ఐదు. బడిలో చేరకముందే ఈ లెక్కను ఒప్పజెప్పగల పిల్లలు జైన కుటుంబములలో ఎందఱో కలరు.

ఆ పిల్లలే పెద్దవారై కళాశాలలో జంతుశాస్త్రము చదువునప్పుడు చిక్కు వచ్చును. నత్త కొమ్ముల కొనలయందు కన్నులున్నవని అక్కడ చెప్పుదురు. ఆక్టోపస్ అను ఎనిమిది చేతుల సముద్రజంతువు నత్తకు దాయాది యనియు, దాని కన్ను మనుష్యుని కన్నుకు ఏమాత్రము తీసిపోదనియు చెప్పుదురు. పిల్లవాడు ఇంటికి వచ్చి తాతగారి నడుగును. ఒకరు కళాశాల పాఠము తప్పందురు, ఒకరు గ్రంథము తప్పందురు. ఈ తగవులో ఉభయులును ఒక సంగతి మఱచుచున్నారు. గ్రంథములోని విభాగము “ఈ జీవి దేనిచేత బాధను, సుఖమును ఎఱుగును?” అను ప్రశ్నకు సమాధానము. జంతుశాస్త్ర విభాగము “ఈ జీవి ఎవరికి చుట్టము? దీని పూర్వులెవరు?” అను ప్రశ్నకు సమాధానము. ఊరిలోని వారిని వృత్తినిబట్టి ఒక పట్టికగాను, ఇంటిపేరునుబట్టి మఱియొక పట్టికగాను వ్రాసినచో రెండును ఒక్కటిగా నుండవు. అట్లని రెండింటిలో నొకటి అబద్ధము కాదు. ఐతే రెండవ పట్టిక ఎట్లు తయారైనదో తెలియనిదే ఈ మాట గట్టిగా చెప్పుటకు వీలులేదు. ఆ పట్టిక తయారగుటకు రెండువేల యేండ్లకు పైగా పట్టినది. అందులో ఎన్నియో పేర్లు కొట్టివేయబడి మఱల వ్రాయబడినవి.

గుల్లజీవులకు శాస్త్రములో మొలస్కా యని పేరు. మెత్తనివి అని ఆ లాటిను పదమునకు అర్థము. తెలుగు పాఠ్యపుస్తకములలో మృదుకాయములు, మృదుశరీరులు అను పేర్లు కనబడును. ఇప్పటివఱకు పేర్లు పెట్టబడి, నేడు జీవించియున్న జాతులు ఇంచుమించు 80 వేలు. కీటకములు, పీతలు మొదలగు కీళ్లకాళ్ల జంతువుల తరువాత జంతులోకములో ఇంత పెద్ద వర్గము వేఱొకటి లేదు. వీని శరీరనిర్మాణములో సామాన్యముగా నాలుగు విషయములు చూడదగినవి. ప్రాకుటకో, త్రవ్వుటకో ఉపయోగించు కండగల పాదము ఒకటి. ఆహారము నరుగదీయు అవయవములు, గుండె మొదలగునవి కూడియుండు మూట ఒకటి. ఆ మూటపై కప్పిన దుప్పటివంటి చర్మమును ప్రావారము అందురు. ఈ ప్రావారమే సున్నపు పదార్థమును స్రవించి గుల్లను కట్టును. నాలుగవది రాడ్యులా. ఇది నోటిలో ఆకురాయివలె వరుసలుగా పండ్లు పొదిగిన పట్టీ. దీనితో రాతిపై నాచును గీకి తినును. గుల్ల నత్తకు ఇల్లు కాదు. అది దాని దేహములో భాగము, నత్తతోపాటే పెరుగును. సన్యాసిపీతవలె దీనిని విడిచిపెట్టి వేఱొక గుల్లలోనికి పోజాలదు.

ఈ నాలుగింటిలో ఏదియు అన్ని గుల్లజీవులకును తప్పనిసరిగా నుండదు. చిక్కంతయు ఇందులోనే యున్నది. ఆల్చిప్పకు రాడ్యులా లేదు, తల కూడ లేదు. ఆక్టోపస్సునకు గుల్ల లేదు. కొన్ని సముద్రపు పురుగువంటి గుల్లజీవులకు గుల్లయు లేదు, సరియైన పాదమును లేదు. మఱి ఇవన్నియు ఒక్క వంశమని ఎట్లు తెలిసినది?

గ్రీసు దేశపు అరిస్టాటిల్ వీనిని ఒక్కటిగా చూడలేదు. పైన మెత్తగా నుండు ఆక్టోపస్ మొదలగు వానిని ఒక గుంపుగాను, పైన గట్టి చిప్పగల నత్తలు, ఆల్చిప్పలు మొదలగు వానిని మఱియొక గుంపుగాను పెట్టెను. సముద్రపు ముండ్లబంతులను కూడ ఈ రెండవ గుంపులోనే చేర్చెను. తాకి చూచిన యెడల ఇది సహజమైన విభాగమే.

స్వీడను దేశీయుడు లిన్నేయస్ 1758లో తన ప్రకృతి వ్యవస్థ అను గ్రంథము పదియవ కూర్పునందు జంతువులన్నింటికి రెండేసి పదముల పేర్లు పెట్టెను. నేటికిని జంతువుల పేర్లకు ఆ సంవత్సరమే మొదలు. ఐనను గుల్లజీవుల విషయములో ఆయన అరిస్టాటిల్‌కంటె ముందుకు పోలేదనియే చెప్పవలెను. వెన్నెముక లేనివానిలో కీటకములు, పీతలు మొదలగునవి పోగా మిగిలిన సమస్తమును “క్రిములు” అను ఒక్క సంచిలో వేసెను. శంఖమును క్రిములతో చేర్చిన పని భారతదేశములోనే కాదు, స్వీడనులోను జరిగినదన్నమాట! ఆ సంచిలో గుల్లగలవి ఒక మూట, గుల్లలేనివి వేఱొక మూట. దీని ఫలితముగా గుల్లగల నత్త ఒకచోటను, గుల్ల లేదన్న మాటేగాని సర్వవిధముల నత్తయేయైన తోటలోని నగ్ననత్త మఱియొకచోటను పడినవి. గుల్లగల నాటిలస్ నత్తల ప్రక్కన కూర్చున్నది. దాని స్వంత దాయాదియగు కట్‌ల్ చేప మాత్రము జెల్లి చేపలతోను, నక్షత్రపు చేపలతోను కలిసిపోయినది. గుల్ల కట్టుకొని యుండుటచేత ఒక సముద్రపు గొట్టపు పురుగు కూడ శంఖము సరసన చేరినది.

ఆ కాలమున యూరపులో ధనవంతులు గుల్లలను బీరువాలలో పేర్చుకొని మురియుచుండిరి. ఓడలవారు తెచ్చునది గుల్లయే, లోపలి జీవి దారిలోనే క్రుళ్లిపోయెడిది. చేతికి వచ్చినదానినే చూచి విభజించిరి. వారిని తప్పుపట్టుటకంటె, వారికి దొరకినది ఎంత తక్కువయో గమనించుట మేలు.

ఫ్రాన్సు దేశీయుడు క్యువియే ఈ దారి మార్చెను. ఆయన యువకుడుగా నున్నప్పుడు సముద్రతీరమున నివసించుటచేత చెడని జీవులను కోసి చూచు అవకాశము కలిగినది. 1795లో ఆయన క్రిముల సంచిని విప్పి, అందులోనివానిని లోపలి నిర్మాణమునుబట్టి విడదీసెను. గుండె ఎక్కడ, మొప్పలు ఎక్కడ, నాడులు ఎట్లు సాగినవి, అనునదే ఆయన పరీక్ష. గుల్ల ఉన్నదా లేదా అనునది రెండవ మాట. నగ్ననత్త నత్తలతో కలిసినది, నాటిలస్ కట్‌ల్ చేపతో కలిసినది. 1812లో జంతులోకమంతటిని నాలుగు పెద్ద శాఖలు చేసినప్పుడు మొలస్కా అందులో ఒక శాఖయైనది. 1830లో పారిసు అకాడమీలో క్యువియేకును జెఫ్రాయికిని జరిగిన ప్రసిద్ధ వివాదమునకు కూడ కట్‌ల్ చేపయే కారణము. దాని దేహమును వెనుకకు వంచిన వెన్నెముక జంతువు దేహముతో పోల్చవచ్చునని ఇద్దఱు యువకులు వ్రాసిరి. జెఫ్రాయి దానిని మెచ్చుకొనెను, క్యువియే ఖండించెను. ఈ విషయములో క్యువియే పక్షమే న్యాయము.

కాని కోసి చూచుట కూడ చాలలేదు. ఓడల అడుగునకును, రేవులలోని రాళ్లకును అతుకుకొని, సున్నపు పలకలలో దాగియుండు బార్నకిల్ అను జీవిని క్యువియే గుల్లజీవులలోనే ఉంచెను. జాన్ వాన్ తామ్సన్ దాని పిల్లను పెంచి చూచి 1830లో వెల్లడించిన సంగతి అందఱిని ఆశ్చర్యపఱచినది. బార్నకిల్ పిల్ల నీటిలో కాళ్లతో ఈదుచుండును, అచ్చముగా రొయ్యపిల్లవలె! పెద్దదైన తరువాత తలక్రిందుగా రాతికి అతుకుకొని గుల్ల కట్టుకొనును. అది పీతల జాతిది, గుల్లజీవి కానేకాదు. ఇంకొకటి, సముద్రములో నీళ్లు చిమ్ముచు తిత్తివలె నుండు జీవి. దీనిని తలలేని గుల్లజీవులలో చేర్చియుండిరి. 1866లో రష్యా దేశీయుడు కొవలెవ్‌స్కీ దాని పిల్ల కప్పపిల్లవంటి తోకగలదనియు, ఆ తోకలో వెన్నుదండమునకు మూలమైన కడ్డీ కలదనియు చూపెను. రాతికంటుకొనియున్న ఆ తిత్తి శంఖమునకు కాక మనుష్యునకు దగ్గఱ చుట్టమైనది! పెద్ద ప్రాణి వేషము వేయవచ్చును, డింభకము పుట్టిల్లును చెప్పును. ఆనాటినుండి జంతుశాస్త్రములో డింభకమునకు ఉన్నత స్థానము లభించినది.

ఇట్లు కొన్ని పేర్లు తీసివేయబడి, కొన్ని చేర్చబడిన పిమ్మట నేడు మొలస్కా వర్గములో ఎనిమిది తరగతులు మిగిలినవి. వానిలో మూడు మాత్రమే సామాన్యులెఱిగినవి.

మొదటిది ఉదరపాదుల తరగతి. మొత్తము గుల్లజీవులలో ఐదింట నాలుగు వంతులు ఇందులోనివే. శంఖము, గవ్వ, నత్త మూడును ఇవియే. వీని గుఱుతు చుట్టలు తిరిగిన గుల్లయని చాలమంది అనుకొందురు. అది పొరపాటు. చుట్టలేని గుల్లగలవి, అసలు గుల్లయే లేనివి ఈ తరగతిలో ఎన్నియో కలవు. అసలైన గుఱుతు పిల్లప్రాయములో జరుగు మెలి. డింభకము ఎదుగుచుండగా దాని అవయవముల మూట సగము చుట్టు తిరిగి, వెనుకనుండవలసిన మలద్వారము తలపైకి వచ్చును. ఇంతటి వింత ఏర్పాటు వేఱే జంతువులలో కానరాదు. కొన్ని సముద్రపు నగ్ననత్తలు పెద్దవగునప్పటికి ఈ మెలిని తిరిగి విప్పుకొనును. కాని చిన్ననాట మెలి పడినదని డింభకము సాక్ష్యమిచ్చును.

పూజాశంఖము మన్నారు సింధుశాఖలో, తూత్తుకుడి రామేశ్వర ప్రాంతములలో లభించు జాతి. లిన్నేయస్ 1767లో దీనికి వొలుటా పైరం అని పేరిడెను. తరువాత లామార్క్ ఏర్పఱచిన టర్బినెల్లా అను ప్రజాతిలోనికి మార్చబడి టర్బినెల్లా పైరం ఐనది. మధ్యకాలములో భారతదేశపు మత్స్యశాఖ పుస్తకములలో క్సాంకస్ పైరం అను పేరు విరివిగా వాడబడినది. క్సాంకస్ అనగా శంఖ శబ్దమే లాటిను వేషములో! చివరకు టర్బినెల్లాయే నిలిచినది. జీవి మాఱలేదు, దాని బాంధవ్యమును గుఱించిన అభిప్రాయము మాఱినకొలదియు, పేర్ల నిబంధనలు స్థిరపడినకొలదియు పేరు మాఱినది. పాత పుస్తకములను చదువువారు దీనిని గుర్తుంచుకొనవలెను.

దక్షిణావర్త శంఖమును గుఱించి కూడ ఒక మాట. శాస్త్రజ్ఞుడు గుల్లను చుట్టల కొన పైకి, నోరు తన వైపునకు ఉండునట్లు పట్టుకొని చూచును. నోరు కుడిప్రక్కన ఉన్నచో కుడిచుట్టు, ఎడమప్రక్కన ఉన్నచో ఎడమచుట్టు. మామూలు శంఖములు కుడిచుట్టువి. అపురూపముగా దొరకు దక్షిణావర్తము శాస్త్రజ్ఞుని లెక్కలో ఎడమచుట్టుది. సంప్రదాయములో శంఖమును కొన క్రిందుగా, తోక పైకి ఉంచి చూతురు గనుక కుడి ఎడమలు తాఱుమాఱైనవి. అది వేఱొక జాతియని కొందఱు నమ్ముదురుగాని, అదియును టర్బినెల్లా పైరమే. మనుష్యులలో ఎడమచేతివాటము వేఱే జాతి కానట్లే ఇదియును. ఇతర సముద్రములలో పుట్టుకతోనే ఎడమచుట్టుగల వేఱు జాతుల గుల్లలను దక్షిణావర్తములని అంటగట్టువారు మాత్రము కలరు. అక్కడ వర్గీకరణ జ్ఞానము కొనువాని జేబును కాపాడును.

గవ్వను చూచినవారికి అది నత్తకు చుట్టమనిపించదు. చుట్టలు లేవు, కొన లేదు, క్రింద పండ్లవంటి గాట్లతో చీలిక మాత్రము కలదు. ఒడిశాలో 19వ శతాబ్ది ఆరంభము వఱకు నాణెముగా చెల్లిన గవ్వ, మాల్దీవుల నుండి ఓడలలో వచ్చెడిది. లిన్నేయస్ దానికి పెట్టిన మొనేటా అను పేరు కూడ డబ్బునుబట్టి వచ్చినదే. ఈ గవ్వ పిల్లదిగా నున్నప్పుడు పలుచని అంచుతో, కనబడు చుట్టలతో సామాన్యమైన నత్తగుల్లవలెనే యుండును. పెరిగినకొద్ది కడపటి చుట్ట మిగిలినవాని నన్నిటిని కప్పివేయును. ప్రావారము గుల్ల వెలుపలికి వచ్చి దానిని కప్పుచుండుటచేత ఆ నిగనిగ కలుగును.

చెఱువులలోను వరిపొలములలోను దొరకు పెద్ద నత్త పైలా. దీనికి ఒకవైపున మొప్ప, మఱియొక వైపున ఊపిరితిత్తి కలవు. ఎండకాలములో మూత బిగించుకొని బురదలో పండుకొనును. దీని దేహనిర్మాణమును బైనీ ప్రసాద్ 1925లో విపులముగా వర్ణించెను. కలకత్తాలో 1916లో స్థాపితమైన భారత జంతుశాస్త్ర పరిశీలన సంస్థకు ఆయన తరువాత అధిపతి కూడ అయ్యెను. భారతీయ కళాశాలలలో తరతరములుగా చదువబడిన నత్తపాఠమునకు మూలము ఆయన కృషియే.

రెండవ తరగతి ఆల్చిప్పలది. రెండు చిప్పలు, వెనుక బందువంటి కూర్పు, తల లేదు, రాడ్యులా లేదు. మొప్పలతోనే నీటిని వడగట్టి ఆహారము తీసికొనును. యానాము ప్రక్కనున్న కాకినాడ అఖాతము ఈ తరగతికి పెట్టినది పేరు. గాజుపలకవలె పలుచగా, వెలుగు ప్రసరించునట్లుండు చిప్ప ఒకటి అచ్చట లభించును. గోవాలో పాత ఇండ్ల కిటికీలకు ఇట్టి చిప్పలనే అద్దములుగా బిగించిరి. అచ్చటనే దొరకు మఱియొక చిప్పజీవికి రక్తము ఎఱ్ఱన. గుల్లజీవులలో ఇది అరుదు. శంఖము, ఆక్టోపస్ మొదలగువాని రక్తములో ఇనుమునకు బదులు రాగి యుండుటచేత గాలి సోకినప్పుడు నీలమగును. తీరప్రాంతములలో గుల్లసున్నము కాల్చినది ముఖ్యముగా ఈ చిప్పలతోనే. సున్నపురాయిలో నున్నదియు, చిప్పలో నున్నదియు ఒకే పదార్థము.

ఆల్చిప్పల వంశములో వేషధారి ఓడపురుగు. నాటుపడవల అడుగుచెక్కను తొలిచి జల్లెడ చేయు ఈ పొడవైన తెల్లని ప్రాణిని చూచి ఎవరైనను పురుగేయందురు. 1730 తరువాత హాలెండులో సముద్రపు కట్టల కఱ్ఱను ఇవి తినివేయగా దేశమే భీతిల్లినది. 1733లో సెల్లియస్ అను పండితుడు దీనిని పరిశీలించి, తలవద్ద నున్న రెండు చిన్న ముక్కలు చిప్పలేయనియు, ఇది ఆల్చిప్పకు చుట్టమనియు వ్రాసెను. చెక్కను తొలుచునది ఆ చిప్పలతోనే.

మూడవది శీర్షపాదుల తరగతి. ఆక్టోపస్, కట్‌ల్ చేప, నాటిలస్ ఇందులోనివి. చేప అను పేరున్నను కట్‌ల్ చేప చేప కాదు. నాటుమందుల దుకాణములలో సముద్రఫేనము అను పేర తెల్లని తేలిక బిళ్ల అమ్ముదురు. సముద్రపు నురుగు గట్టిపడగా అదియైనదని జనుల నమ్మకము. నిజమునకు అది కట్‌ల్ చేప వీపులోపల నుండు గుల్ల. పూర్వులకు వెలుపల నున్న గుల్ల తరతరములకు లోనికి పోయి ఈ రూపము పొందినది. ఆక్టోపస్సులో అదియును దాదాపు పోయినది. వీరి వంశములో గుల్ల వెలుపల నిలుపుకొన్నది నేడు నాటిలస్ ఒక్కటియే. ఆ గుల్లను కోసి చూచినచో లోపల గోడలతో వేఱుపఱచిన అఱలు వరుసగా కనబడును. నత్తగుల్లలో అట్టి అఱలు లేవు, మొదటినుండి చివరవఱకు ఒకటే సొరంగము. వైష్ణవ గృహములలో పూజింపబడు సాలగ్రామములలోని చక్రములు ఇట్టి అఱలుగల గుల్లల ముద్రలే. నేపాళములో గండకీనది కొండలనుండి మోసికొనివచ్చు ఆ శిలలు అమ్మోనైట్లు అను శీర్షపాదుల శిలాజములు. ఆ వంశము 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట అంతరించినది. పూజామందిరములో ప్రక్కప్రక్కన నుండు శంఖము, సాలగ్రామము చూపునకు ఒక తీరుగనే చుట్టలు తిరిగినను, ఒకటి నత్తకు, మఱియొకటి ఆక్టోపస్సునకు దగ్గఱ.

మిగిలిన ఐదు తరగతులు చిన్నవి. వీపున ఎనిమిది పలకలతో రాళ్లను పట్టుకొనియుండు కైటన్లు, ఏనుగుదంతమువంటి గొట్టపు గుల్లలు, గుల్లలేక పురుగులవలె నుండు రెండు తరగతులు. వీనిలో విశేషముగా చెప్పదగినది ఐదవది. 1952లో డెన్మార్కువారి గెలాథియా ఓడ కోస్టారికా తీరమునకు దూరముగా పసిఫిక్ సముద్రములో 3,570 మీటర్ల లోతునుండి పది సజీవ ప్రాణులను పైకి తెచ్చినది. పైన టోపీవంటి ఒక్క చిప్ప. ఇట్టివి 35 కోట్ల యేండ్లకు పూర్వమే నశించినవని అందఱును నమ్మియుండిరి. లెంకె అను శాస్త్రజ్ఞుడు 1957లో నియోపిలినా అను ఈ జీవిని వర్ణించెను. దాని మొప్పలును కండరములును జతలుజతలుగా వరుసలో ఉండుట చూచి, గుల్లజీవుల పూర్వులు వానపామువలె కణుపులుగలవేయని చాలమంది తేల్చివేసిరి. కొంత తొందరపాటే యనవలెను. వానపాము కణుపులు లోపలి గోడలతో సహా క్రమముగా పునరావృత్తమగును. నియోపిలినాలో మొప్పల లెక్కకును, కండరముల లెక్కకును పొంతన లేదు. నేడు ఎక్కువమంది దానిని నిజమైన కణుపుల నిర్మాణముగా అంగీకరింపరు.

ఈ తరగతులు తమలో తమకెట్టి చుట్టములో చెప్పుటకు గుల్ల, దేహము, డింభకము మూడును చాలకపోయినవి. ఇటీవల శాస్త్రజ్ఞులు నాలుగవ సాక్షిని పిలిచిరి. తల్లిదండ్రులనుండి సంతతికి వచ్చు జన్యుపదార్థములోని అక్షరములను జాతులమధ్య పోల్చి చూచుటయే ఆ సాక్ష్యము. 2011లో వెలువడిన రెండు పెద్ద పరిశోధనలు కైటన్లను, పురుగువంటి రెండు తరగతులను ఒక కొమ్మగాను, శంఖము, ఆల్చిప్ప, ఆక్టోపస్ మొదలగువానిని మఱియొక కొమ్మగాను నిర్ణయించినవి. గుల్లలేని పురుగువంటివి ప్రాచీనములనియు, గుల్ల తరువాత పుట్టినదనియు తలచినవారికి ఇది ఎదురుదెబ్బ. నియోపిలినా బంధువులను మాత్రము ఆ పరిశోధనలలో ఒకటి ఆక్టోపస్ ప్రక్కన పెట్టినది. 2025లో 77 జన్యుసంపుటములను పోల్చిన మఱియొక పరిశోధన దానిని అక్కడనుండి తీసి, రెండవ కొమ్మలో అందఱికంటె ముందు విడిపోయిన పాయగా చూపినది. దేహనిర్మాణమునుబట్టి పూర్వులు ఊహించిన వృక్షమునకు ఇది దగ్గఱగా నుండుట గమనింపదగినది. కత్తితోను సూక్ష్మదర్శినితోను పనిచేసినవారి శ్రమ వృథా పోలేదు.

ఇక ఈ వర్గమునకు వెలుపల చుట్టములెవరు? కొన్ని గుల్లజీవుల గుడ్డునుండి వెలువడు పసి డింభకము బొంగరమువలె నుండి, నడుమున వెండ్రుకల పట్టీతో తిరుగుచు ఈదును. దీనికి ట్రోకోఫోర్ అని పేరు. సముద్రములోని కణుపుల పురుగుల డింభకము కూడ ఇట్లే యుండును. ఐనను వానపాము, జలగ కణుపులుగలవి గనుక అవి చీమకు, పీతకు చుట్టములని క్యువియే కాలమునుండి దాదాపు రెండువందల యేండ్లు బోధించిరి. 1990ల తరువాత జన్యుసాక్ష్యము ఈ బోధను త్రోసివేసినది. చర్మము విడుచుచు పెరుగు చీమ, తుమ్మెద, పీత, బార్నకిల్ ఒక మహాశాఖ. వానపాము, జలగ, శంఖము, ఆల్చిప్ప మఱియొక మహాశాఖ. చేప, మనుష్యుడు, రాతికంటిన ఆ తిత్తి మూడవ శాఖ.

ఇది చదివినంతనే కొందఱు పాఠకులు ఉత్సాహపడవచ్చును. జలగను, వానపామును, శంఖమును, గవ్వను ఒకచోట చేర్చిన ప్రాచీన గ్రంథము జన్యుశాస్త్రమును ముందే చెప్పినదని సభలలో ఉపన్యసించుట సులభము. అట్లనుట గ్రంథమునకు గౌరవము కాదు. అదే ద్వీంద్రియముల పట్టికలో కడుపులోని క్రిములు కూడ కలవు. వానిలో ఏలికపాము చర్మము విడుచునది, చీమ శాఖకు చెందినది. ఇంద్రియములనుబట్టి చేసిన పట్టిక వంశవృక్షముతో కొంతదూరము కలిసి నడచి, తరువాత విడిపోవుటలో వింతయేమియు లేదు. వంశమును చెప్పుటకు ఆ పట్టిక వ్రాయబడలేదు.

మఱి నత్త కన్నుల మాట? దీనిని దాటవేయుట మంచిది కాదు. తోటనత్త పొడవైన కొమ్ముల కొనలయందు కన్నులు ఉన్న మాట నిజము. వెలుగును నీడను అది ఎఱుగును. నీటినత్తలకు నీటిలోని వాసనను పసిగట్టు అవయవము మొప్పదగ్గఱ కలదు. సముద్రములోని ఒక విధమగు విసనకఱ్ఱ చిప్పకు ప్రావారపు అంచున పదుల సంఖ్యలో చిన్న కన్నులు మెఱయుచుండును. దాని దాయాదులైన అనేక ఆల్చిప్పలకు ఒక్క కన్నును లేదు. ఇంద్రియములనుబట్టి విభజించినచో ఈ రెండును వేర్వేఱు గదులలో పడును. వంశమునుబట్టి విభజించినచో ఒకే ఇంటివి. ఆక్టోపస్ కన్నులో కటకము, తెర అన్నియు కలవు. మనుష్యుని కన్నులో నాడులు తెరకు ముందుగా సాగి ఒకచోట లోనికి దూఱుటచే గ్రుడ్డిచుక్క ఏర్పడినది. ఆక్టోపస్సునకు నాడులు తెర వెనుకనుండి పోవుటచే ఆ లోపము లేదు. రెండు కన్నులును రెండు వంశములలో వేఱువేఱుగా ఏర్పడినవి గనుకనే ఈ భేదము. సూక్ష్మదర్శిని లేని కాలములో కంటికి కనబడినంతలో చేసిన ఇంద్రియగణనను నేటి పరిశీలనతో సరిచూచుకొనుటకు చదువుకొన్నవారు వెనుకాడనక్కఱలేదు. గుల్లలోనిది ప్రాణి యనియు, అది స్పర్శ నెఱుగుననియు చెప్పిన మూలవిషయమునకు ఈ సవరణచే లోటు రాదు. ఎఱుక పెరిగినదేగాని తగ్గలేదు.

వర్గీకరణము పుస్తకములలోనే నిలిచిపోవునది కాదు. 2001లో భారత ప్రభుత్వము వన్యప్రాణి సంరక్షణ చట్టపు జాబితాలలో కొన్ని గుల్లజీవులను కూడ చేర్చినది. నాటిలస్ వానిలో ఒకటి. ఆ జాబితాలు శాస్త్రీయ నామములతో ఉండును. తీరమున గుల్లల దుకాణములో ఏది అమ్మదగినది, ఏది అమ్మరానిది అని తేల్చవలసినవాడు మొదట దాని జాతిని గుర్తించవలెను. పెద్ద గుల్లలు జీవి దానంతట చచ్చిన తరువాత ఒడ్డునకు కొట్టుకొనివచ్చినవే యని దుకాణదారులు చెప్పుట కలదు. మెఱుగు తగ్గక, అంచులు అరుగక, పురుగులు తొలిచిన రంధ్రములు లేక యుండు గుల్ల సాధారణముగా సజీవముగా పట్టిన ప్రాణిది. అలల దెబ్బలు తిని ఒడ్డుకు చేరినది వెలవెలబోయి, అంచులు మొండిగా నుండును.

తీరమున నడచునప్పుడు ఇసుకపై కదలు గుల్ల కనబడినచో, క్రిందనుండి వచ్చినది కీళ్లకాళ్లా, చదునైన పాదమా అని చూడవలెను. కీళ్లకాళ్లైనచో అది ఖాళీగుల్లలో కాపురమున్న సన్యాసిపీత, చీమ శాఖలోనిది, గుల్లకు అది అద్దెదారు. చదునైన పాదమైనచో గుల్లను కట్టిన యజమానియే లోపల నున్నది. తాకినంతనే లోనికి ముడుచుకొని, పాదముపైనున్న కొమ్ముబిళ్లను తలుపువలె బిగించుకొనును. చాల జాతులలో ఆ తలుపు నోటికి సరిగా సరిపోవును. మూత బిగిసిన గుల్ల ఖాళీది కాదు.